మంచె మీది ఉపన్యాసం

శంషాబాద్‌లో ఇప్పుడు నోరు తెరవడం నేర్పే దుకాణాలు వెలిశాయి. మా చిన్నప్పుడు ఇక్కడ నోరు మూసుకోవడం మాత్రమే నేర్పేవారు. అదీ ఉచితంగా, ఇంట్లో, బడిలో, సర్పంచ్ గారి అరుగు ముందు, ఎక్కడ నిలబడితే అక్కడ. అందుకే పోయిన నెల మా చెల్లెలి బిడ్డ శ్రావణి వచ్చి, "మామా, నేను మాట్లాడుడు నేర్పే క్లాసుల చేరిన" అన్నప్పుడు నాకు నవ్వాగలేదు. శ్రావణి ఎయిర్‌పోర్టు పక్కన ఒక సరుకుల గోదాము ఆఫీసులో పనిచేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే పులి. నలుగురి ముందు నిలబెడితే చేతిలో కాగితం గాలికి తాటాకులా కొట్టుకుంటుంది. పై హోదా ఇస్తామంటున్నారు గానీ, ముందు అందరి ఎదుటా నిలబడి తన పని గురించి పది నిమిషాలు చెప్పాలట. క్లాసు ఆఖరి రోజున ముఖ్య అతిథిగా ఎవరైనా కావాలంటే ఈ పిల్ల నా పేరిచ్చింది. తుక్కుగూడ రోడ్డులో మోటార్లు బాగుచేసుకునే నన్ను ముఖ్య అతిథి అన్నవాళ్లు అంతవరకూ లేరు. అయితే పెళ్లి కానీ, పదవీ విరమణ కానీ, కొత్త బోరులో నీళ్లు పడ్డ సంబరం కానీ, "మల్లేశన్నా, రెండు ముచ్చట్లు చెప్పు" అని మైకు నా చేతిలో పెట్టనివాళ్లు కూడా మా చుట్టుపక్కల లేరు. నేను చెప్పేవాటిలో సగం కోతలని అందరికీ తెలుసు. ఏ సగమో తెలియదు కనుక మొత్తం వింటారు.

హాలు చల్లగా ఉంది. కిటికీ ఉన్నచోట తప్ప నాలుగు గోడలకూ అద్దాలు. ఇంత పెద్ద మంగలి దుకాణం నేనెక్కడా చూడలేదు. నేర్పే సారు చెంప మీద సన్నటి మైకు అంటించుకుని, కోటు వేసుకుని, అటూ ఇటూ పరుగెడుతున్నాడు. "అద్దంలో మీ కళ్లలోకి మీరే చూడండి! ఎనర్జీ! గట్టిగా చెప్పండి, నేను సింహాన్ని!" ముప్పైమంది ముప్పై అద్దాల ముందు నిలబడి గర్జించారు. మా శ్రావణి కూడా తన అద్దం ముందు చేతులు కట్టుకుని, "నేను సింహాన్ని సార్" అంది. తర్వాత ఐదుగురు వేదికెక్కి మాట్లాడారు. ఐదుగురూ పడుతూ లేస్తూ చివరికి గోడెక్కిన సాలీడు కథే చెప్పారు. నాలుగోసారికే ఆ సాలీడుకు గోడ మీద విరక్తి పుట్టి ఉంటుంది. చెప్పినవాళ్లు అద్దాల్లో తమను తామే చూసుకున్నారు, విన్నవాళ్లు ఫోన్లు చూసుకున్నారు. ఎవరికీ నష్టం లేదు. ఆఖర్న సారు నా వైపు తిరిగి, "సర్, మీరు పబ్లిక్ స్పీకింగ్ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు. నేను కిటికీలోంచి కింద కార్లు నిలిపే చోటు చూపించి, "అగో, ఆ తెల్ల కారు ఉన్నకాడ" అన్నాను. అందరూ నవ్వారు. అది కోత అనుకున్నారు. నా మాటల్లో నిజమైన సగం ఎప్పుడూ ఇలాగే పోతుంది.

ఆ తెల్ల కారు ఉన్నచోట, శంషాబాద్ ఇంకా మా ఊరి దాకా పాకని రోజుల్లో, మా జొన్న చేను ఉండేది. మూడెకరాలు, పక్కన సన్నటి బండ్ల బాట, మధ్యలో నాలుగు గుంజల మీద మంచె. ఒక గజం అటో ఇటో ఉండొచ్చు, కొలిచి చెప్పమంటే చెప్పలేను. చలికాలం తెల్లవారుజామున మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాయనమ్మ చుట్ట. తర్వాత నాయనమ్మ లేచేది. చుట్ట పొగ, పేడనీళ్లు చల్లిన వాకిలి, పొయ్యి మీద అమ్మ కలియబెట్టే జొన్న గట్క, మూడూ కలిసి ఒక వాసన. దుప్పటి ముసుగులో ఉన్నా ఆ వాసన నా చెవి పట్టి లేపేది. గట్కలో మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డ కొరికి, మంచుకు తడిసిన గెట్ల మీద నడిచి చేనుకు పోయేవాళ్లం. జొన్న పాలు పట్టిన రోజుల్లో చిలకలు తెల్లారకముందే దిగేవి. బడి గంట కొట్టేదాకా నేనే కావలి, బడి వదిలాక మళ్లీ నేనే. నాయనమ్మకు ఎదురుగా నిలబడి మొహం చూస్తూ చెబితే అన్నీ అర్థమయ్యేవి. వెనక నుంచి పిలిస్తే మాత్రం పలికేది కాదు. ముసలిదానికి పొగరెక్కువ అనుకునేవాళ్లం.

ఇప్పుడు మైకు వదలని ఈ నోరు ఆ రోజుల్లో మూగ నోరు. పుట్టుకతో కాదు, బడి పెట్టిన మూగ. మా ఊరి బడిలో తెలుగు చెప్పే సారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఇస్త్రీ పంచె, ఇస్త్రీ మాట. నేను ఐదో తరగతిలో లేచి నిలబడి, "సారూ, మా బాపు రేపు రమ్మంటే వస్తనన్నడు" అన్నాను. సారు కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏమిట్రా అది, తెలుగా? గుళకరాళ్లు నములుతున్నావా?" అన్నారు. తరగతంతా నవ్వింది. నవ్వినవాళ్లంతా నాలాగే మాట్లాడేవాళ్లే, అదీ తమాషా. ఆ రోజు గొంతులో పడ్డ రాయి రెండేళ్లు కదల్లేదు. పాఠం చదవమంటే నిలబడి చెమటలు కక్కేవాణ్ని. సారు చెడ్డవారు కాదు, పుస్తకాలు లేనివాళ్లకు తన పుస్తకాలిచ్చేవారు. కాకపోతే మనిషి నోట్లోంచి మాట రావాలంటే ముందు ఆ నోటిని నవ్వులపాలు చేయకూడదన్న సంగతి ఆయన పుస్తకాల్లో లేదు.

ఏడో తరగతి అయితే శంషాబాద్ హైస్కూలుకు పోవాలి. సారు బాపును పిలిపించి, "మీవాడు రాస్తాడు కానీ నోరు విప్పడండీ. అక్కడ నెగ్గుకురావడం కష్టం" అని చెప్పారు. బాపుకు అందులో రెండో సగమే వినిపించింది. ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుంటూనే తీర్పు చెప్పేశాడు.

"నోరు లేనోనికి సదువెందుకు? చేన్ల కావలుంటడు. చిలకలు ప్రశ్నలడగయి గదా."

నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆయన పెదాలనే చూస్తోంది. చుట్ట నోట్లోంచి తీసి, "బడి పండుగ నెల దినాలున్నది" అంది. "పోరడు ఊరందరి ముంగట స్టేజెక్కి మాట్లాడితే సదివిస్తవా?"

"వీడా? స్టేజెక్కితే దిగుడు మర్చిపోతడు."

"మాట్లాడితే?"

బాపు తువ్వాలతో కాళ్లు తుడుచుకుని, ఇంక వాదం ఎందుకన్నట్టు, "మాట్లాడితే మంచె నేనెక్కుత, వాణ్ని పంపిస్త. మాట్లాడకుంటే పండుగ తెల్లారి సంది పలక అటకెక్కుడే" అన్నాడు. నా హైస్కూలు అలా గట్క కుండ పక్కన పందెంలో పడింది. నన్నెవరూ అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేందుకు నాకు నోరెక్కడిది?

సారు మరుసటి రోజే పరిశుభ్రత మీద రెండు పేజీల ఉపన్యాసం రాసిచ్చారు. "సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, నా హృదయపూర్వక నమస్సుమాంజలులు" అని మొదలు. ఆ మాట పలకడానికి నా నాలుకకు రెండు రోజులు పట్టింది. కంఠస్థం పట్టి మంచె ఎక్కాను. నాయనమ్మ చేను ముప్పాతిక భాగం దాటి పోయి, ఆఖరి మూలకు మొహం పెట్టి, నాకు వీపు చూపిస్తూ గెట్టు మీద కూర్చుంది. పోయేముందు ఒక్కటే చెప్పింది. "నీ మాట నాదాక వస్తే ఈ చేతికట్టె లేపుత. కట్టె లేవకుంటే నువ్వు మాట్లాడనట్టు." నేను నమస్సుమాంజలులు అరిచాను. కట్టె లేవలేదు. గొంతు చించుకుని మళ్లీ అరిచాను. ఈసారి ఆఖరి మూలలో చిలకలు గుంపుగా లేచాయి, కట్టె కూడా లేచింది. ఆ పొద్దు నా అంత వక్త ఈ భూమ్మీద లేడనిపించింది.

మరుసటి రోజు అదే ఉపన్యాసం చదివాను. సగం చిలకలు లేచాయి. మూడో రోజు ఒక్కటీ లేవలేదు. కంకుల మీదే కూర్చుని, వచ్చే వాక్యం ఏదో తమకు ముందే తెలిసినట్టు మెడలు ఊపుతూ తిన్నాయి. మా చేను చిలకలు రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాల తోటల్లోకి పోయి, అక్కడ మేసేముందు ఒకదానికొకటి నమస్సుమాంజలులు చెప్పుకున్నాయని విన్నాను. నమ్మేవాళ్లు నమ్మండి. కట్టె మాత్రం ఆ రోజంతా నేల మీదే ఉంది. నాయనమ్మ మంచె కిందికి వచ్చి తల పైకెత్తింది.

"ఏందిరా, గొంతుల జొన్నపొట్టు ఇరికిందా?"

"అరుస్తనే ఉన్న గదనే! పొద్దుగాల సంది అరుస్తనే ఉన్న!"

"అదే తప్పు. ఊకె అరిస్తే పిట్ట దాన్ని గాలి అనుకుంటది. ఒక్క మాట అను. ఆగు. ఆగితేనే అది పరేషాన్ అయి తలెత్తి చూస్తది, ఇంకేమంటడో అని. నిన్నటి మాట ఇయ్యాల అనకు. చిలక నీకంటే తెలివి గలది."

ఆగడం అరవడం కంటే కష్టమని ఆ వారంలో తెలిసింది. నోరు మూసుకుని నిలబడితే వెంటనే ఏదో ఒకటి అనెయ్యాలనిపించేది. ఇంకో చిక్కు, రోజుకో కొత్త మాట ఎక్కడినుంచి తేవాలి? సారిచ్చిన రెండు పేజీలు ఎప్పుడో అయిపోయాయి. ఊళ్లో జరిగినవి చెప్పాను. అవీ అయిపోయాక జరగనివి చెప్పడం మొదలుపెట్టాను. మా ఎద్దు బడంగ్‌పేట్ సంతకు ఒంటరిగా పోయి తనకు నచ్చిన యజమానిని బేరమాడుకుని వచ్చిందని చెప్పాను. సర్పంచ్ గారి మీసం ఇంటి దూలం కంటే పాతదని చెప్పాను. ప్రతి మాటకూ ఆగి, రాయి పెట్టిన వడిసెల తల పైన తిప్పి, చివర్న "హో!" అనేవాణ్ని. చిలకలు లేచేవి, కట్టె లేచేది. ఒకసారి వడిసెల రాయి దారి తప్పి, బండ్ల బాట మీద పోతున్న సర్పంచ్ గారి తలపాగాను లేపింది. ఆయన అప్పుడే చెప్పు సరిచేసుకోవడానికి వంగడం, రాయి తలపాగాతోనే సరిపెట్టుకోవడం మా ఇంటి అదృష్టం. అబద్ధాలాడడం నాకు ఎవరూ నేర్పలేదు, పంట కాపాడే పనిలో అబ్బింది. ఈ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

బడి పండుగ వచ్చింది. బల్లలు చేర్చి వేదిక కట్టారు. దాని మీద సభాధ్యక్షుడు సర్పంచ్ గారు, పక్కన సారు. బాపు ఓ పక్కన తువ్వాల భుజాన వేసుకుని, అవగానే చేనుకు పోవాల్సినవాడిలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాయనమ్మ కోసం వెతికాను. జనం అందరికీ వెనక, గేటు దగ్గర, అంజయ్య చాయ్ బండికి ఎదురుగా బోర్లించిన గంప మీద కూర్చుంది. వీపు నా వైపు, కట్టె నేల మీద.

మైకు ముందు నిలబడ్డాను. "సభాధ్యక్షులకు" అన్నాను. అలవాటు కొద్దీ ఆగాను. ఆగితే చెయ్యి ఊరుకుంటుందా? దానంతటదే తల పైన గిర్రున తిరిగింది. నోరు "హో!" అంది. సర్పంచ్ గారు తలపాగా రెండు చేతులా పట్టుకుని, కుర్చీలోంచి జారి ఎదుటి బల్ల కిందికి పోయారు.

నవ్వారు చూడండి. ఊరు ఊరంతా, ఆడా మగా, పిల్లా జెల్లా. మైకు కూడా కుయ్యిమని నవ్వింది. అది తరగతిలో విన్న నవ్వే, కాకపోతే వందరెట్లు. గొంతులో పాత రాయి వచ్చి కూర్చుంది. సారు తన కుర్చీలోంచి, "వేదికనలంకరించిన, వేదికనలంకరించిన" అని అందిస్తున్నారు. వేదికనలంకరించినవాళ్లలో ఒకరు బల్ల కింద ఉన్నారు. బాపు తువ్వాల దులిపి, చేను వైపు తిరిగాడు. ఆయన తిరిగిన తీరులోనే పలక అటకెక్కడం నాకు కనిపించింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు మంచి మనసుతో పోయిన సందర్భం అదొక్కటే.

మైకు చచ్చిపోయింది. ఇక అయిపోయిందని జనం లేవబోతున్నారు. నేను ఆ బడి ముంగిలి చూశాను. ఎకరం కూడా ఉండదు. మూడెకరాల వాడికి ఎకరమెంత? దూరాన ఆ వీపు కదలకుండా కూర్చునే ఉంది. రెండు పేజీలూ వదిలేసి, ఆ వీపుకు తగిలేలా ఒక్క మాట విసిరాను.

"చిలకలకు గూడ సర్పంచున్నడు!"

ఆగాను. లేవబోయినవాళ్లు సగం లేచినట్టే నిలబడ్డారు.

"నిన్న మా మంచె మీదికొచ్చి ఒక ముసలి చిలక నాతోని మొర పెట్టుకున్నది. మా సర్పంచు గెలిస్తే తలా ఒక కంకి అన్నడు బిడ్డా. గెలిచినంక కనవడుతలేడు."

మళ్లీ ఆగాను. సారు కళ్లు మూసుకున్నారు.

"మీ కాడ గూడ గిట్లనే ఉంటదా, అని అడిగింది."

ఈసారి నవ్వు వెనక నుంచి మొదలైంది. గేటు దగ్గర పుట్టి, వరసలు వరసలుగా ముందుకు వచ్చి, చివరికి వేదిక పక్కన ఉన్న బాపు దాకా వచ్చింది. ఆ నవ్వు నా మీద కాదు, నాతో. రెంటికీ తేడా ఎంతో అంతవరకు తెలియనివాడికి ఆ ఒక్క క్షణంలో తెలిసింది. చిలక మొర ఇంకా చాలాసేపు సాగింది. ఊరి బాట, ఊరి బావి, ఎక్కడా వెలగని వీధి దీపం, అన్నిటి గురించీ అది నన్ను అమాయకంగా అడుగుతూనే పోయింది. మధ్యలో ఎక్కడో గేటు దగ్గర కట్టె లేచింది. దించకుండా అలాగే పట్టుకుంది.

సర్పంచ్ గారు దుమ్ము దులుపుకుంటూ లేచి, "ఎవని కొడుకురా వీడు?" అని గర్జించారు. అద్దం అక్కర్లేని సింహం ఆయన. సర్పంచ్ అరుగు ముందు ఎప్పుడూ తువ్వాల చంకలో పెట్టుకునే మా బాపు, ఆ రోజు దాన్ని భుజం మీదే ఉంచుకుని, "నా కొడుకే" అన్నాడు. అంతే. ఆయన జీవితంలో చేసిన ఉపన్యాసం అదొక్కటే, రెండు మాటలు. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. సారు మాత్రం వేదిక దిగుతూ, "మరి ఆ కాగితంలో చిలక ప్రస్తావనే లేదు కదరా" అని బాధపడ్డారు.

దీపాలు పెట్టేవేళ పొయ్యి చుట్టూ కూర్చున్నాం. అమ్మ ఆ పూట సర్వపిండి చేసింది, పండక్కి కూడా వేయనన్ని పల్లీలు వేసి. నేను నాయనమ్మ ఎదురుగా కూర్చుని, "ఏ ముచ్చట మంచిగనిపించిందే నీకు?" అని అడిగాను.

"ఏ ముచ్చట?"

"చిలక ముచ్చట! కట్టె లేపితివి గద!"

"నాకేం ఇనవడ్డదిరా? నా రెండు చెవులు నువ్వు పుట్టకముందే పాయె."

బాపు చేతిలో ముక్క నోటి దాకా రాకుండా ఆగిపోయింది. కన్నకొడుక్కి కూడా తెలియదు. ఊరిని అన్నేళ్లు పొగరుతో మోసం చేసింది మా ముసల్ది.

"మరి కట్టెందుకు లేపినవే?"

"అంజయ్య చాయ్ పొంగి పొయ్యిల పడుతున్నది. వాడు దాని దిక్కు సూస్తలేడు, నీ దిక్కు సూస్తున్నడు. ఇగ ఇంకేం ఇనాలె నేను?" అని చుట్ట అంటించుకుంది. చేనులోనూ అంతే. ఆమె విన్నది నా గొంతు కాదు. ఆఖరి మూలలో చిలకలు లేచాయా లేదా అని చూసేది. వీపు నాకు పెట్టింది అందుకే.

తెల్లారి బాపు మంచె ఎక్కాడు, నేను బడికి పోయాను, ఎండాకాలం సెలవులయ్యాక హైస్కూలు తోవ పట్టాను. బాపు రోజంతా ఒకే మాట అరిచేవాడు. ఆ ఏడు చిలకలు మూడో వంతు పంట తిన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

ఇదంతా ఆ చల్లటి హాల్లో చెప్పాను, కొంచెం తగ్గించి. కోటు సారు చప్పట్లు కొట్టి, "వావ్, పవర్ ఆఫ్ పాజ్!" అన్నాడు. నాయనమ్మ చుట్ట పొగకు ఇంగ్లీషు పేరు దొరికినందుకు సంతోషించాను. జనం వెళ్లిపోయాక శ్రావణి నా దగ్గరికి వచ్చి, రేపు ఆఫీసులో చెప్పాల్సిన పది నిమిషాలు ఒకసారి ఇక్కడే చెప్పి చూస్తానంది. అద్దాలకు తెరలు లాగించాను. నేను పోయి తలుపు దగ్గర, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా వరండాలో ఒకామె చీపురుతో నేల ఊడుస్తోంది.

శ్రావణి కాగితం చదవడం మొదలుపెట్టింది. చీపురు ఆగలేదు. పైన విమానం పోయింది, ఆమె గొంతు అందులో మునిగిపోయింది. విమానం వెళ్లాక వెనక కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఒకనాడు మా గోదాముకు ఒక పెట్టె వచ్చింది. పైన అడ్రసు లేదు. లోపల నుంచి ఏదో కదులుతున్నది" అంది. ఆగింది. చీపురు కూడా ఆగింది.

"మామా, ఎట్ల చెప్పిన?" అని వెనక నుంచి అడిగింది.

"నాకేం ఎరుక? నేను నీ దిక్కు చూడలే. ఆ అక్కనడుగు."

శ్రావణి తలుపు దాకా వచ్చి నిలబడింది. ఊడ్చే ఆమె చీపురు చంకలో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను కాదు, ఆ పిల్లనే అడిగింది.

"ఇగ చెప్పు బిడ్డా. పెట్టెల ఏమున్నది?"